టెలిఫోనావిడ జీవితంలో నేను కల్పించిన అధ్యాయం

పోయిన నెల పన్ను పీకించుకోవడానికి దోహాలో, అల్ మన్సూరా పేటలో ఒక క్లినిక్‌కి వెళ్ళాను. నా కంటే ముందు ఇంకా నలుగురు ఉన్నారు. ఎదుటి గోడకున్న టీవీకి ఎవరో శబ్దం తీసేశారు. వార్తలు కాబోలు, కింద అరబిక్ అక్షరాలు కుడివైపుకి పరిగెడుతున్నాయి. ఉన్నట్టుండి తెర నిండా ఒక ముసలావిడ ముఖం వచ్చింది. కురచగా కత్తిరించిన తెల్లజుట్టు, చెవి మీద పెన్సిలు, ఫోటో తీసేవాణ్ణి త్వరగా కానిమ్మంటున్నట్టు చూపు. బాగా దగ్గరగా ఎరిగిన ముఖం. మా పిన్ని తరఫు వాళ్ళెవరో అనుకున్నాను ఒక్క క్షణం. మా పిన్ని తరఫు వాళ్ళు దోహా టీవీలో ఎందుకొస్తారన్న ఆలోచన ఆ తర్వాత వచ్చింది. ఫోన్ తీసి వెతికితే తెలిసింది, ఆవిడ అమెరికా నవలా రచయిత్రి. తొంభై దాటిన వయసులో, తన ఇంట్లోనే పోయారట. నా వంతు వచ్చి కుర్చీలో వెనక్కి వాలాక మలయాళీ డాక్టరుగారు నా కళ్ళు చూసి, "నేనింకా ముట్టుకోనే లేదు, అప్పుడే ఏడుపా?" అన్నారు హిందీలో. నేను నోరు తెరిచే ఉన్నాను గనక జవాబు చెప్పే బాధ తప్పింది.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. పుస్తకాలు చదివే అలవాటున్నవాళ్ళకి తెలిసిన పేరే. కానీ మా గదిలో ఆవిడని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. మాకు ఆవిడ "టెలిఫోనామె". ఆవిడ రాసిన నవల ఒక్కటి కూడా చదవకుండా, ఆవిడ బతుకు గురించి ఎనిమిది నెలలపాటు ప్రతి శుక్రవారం మాట్లాడుకున్న మనుషులు ప్రపంచంలో మేం ముగ్గురమే అయి ఉంటాం. ఆ ముగ్గురిలో ఒకడు అబద్ధాలకోరు. అది నేను.

అప్పుడు నేను ఉండేది అల్ మన్సూరాలోనే, పాత బిల్డింగు మూడో అంతస్తులో, రెండు మంచాల గది. ఒక మంచం నాది. కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఆఫీసులో కాగితాలు సర్దే ఉద్యోగం, ఊరు తెనాలి దగ్గర. రెండో మంచం నిజామాబాద్ భాయ్‌ది. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక వర్క్‌షాపులో ఏసీ మెకానిక్కు. వంట పూర్తిగా ఆయన రాజ్యం. నేను ఉల్లిపాయలు కోయడానికి మాత్రమే పనికొస్తానని మొదటి వారంలోనే తేల్చేశాడు. మూడో మనిషి మా గదివాడు కాదు, శుక్రవారాలవాడు. కడప జిల్లా నుంచి వచ్చి ఒక ఖతరీ కుటుంబానికి కారు నడిపేవాడు. ఆ ఇంటి గేటు పక్కనే ఆయనకి చిన్న గది. జుమ్మా నమాజు కాగానే కుటుంబాన్ని తాతగారింటికి భోజనానికి దింపితే, మళ్ళీ సాయంత్రం అసర్ నమాజు దాకా ఖాళీ. ఆ రెండు మూడు గంటలు మా గదికి వచ్చేవాడు. మా బిల్డింగు వెనక ఇసకలో ఆయన పెద్ద తెల్ల కారు ఆపితే, ఆ చుట్టుపక్కల తుప్పుపట్టిన పికప్పుల మధ్య అది పెళ్ళికి వచ్చిన కలెక్టరులా ఉండేది. వయసులో మా ఇద్దరికంటే పెద్ద. మేం "మామా" అనేవాళ్ళం. ఆయన నన్ను "అల్లుడూ" అనేవాడు. ఆయనకి కూతురే లేదు, అయినా ఆ వరస మాకిద్దరికీ నచ్చింది.

ఇంటి డ్రైవరు పనిలో నడపడం తక్కువ, ఆగి ఉండటం ఎక్కువ. బడి ముందు, మాల్ ముందు, ఆసుపత్రి ముందు. నడిపేటప్పుడు మాత్రం వెనక సీట్లో ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారు. ఆ ఇంటి పెద్దమ్మాయి ఇక్కడి అమెరికన్ యూనివర్సిటీ ఒకదానిలో ఇంగ్లీషు సాహిత్యం చదివేది. చివరి ఏడాదిలో ఈ రచయిత్రి మీద ఏదో పెద్ద వ్యాసం రాయవలసి వచ్చి, కారులో స్నేహితురాళ్ళతో ఫోన్లో అదే గోలట. మామకి ఇంగ్లీషు రాదు, అరబిక్ మాత్రం వంటింటి గుమ్మం దాకా వచ్చు. ఒకరోజు సిగ్నలు దగ్గర ఆగినప్పుడు ఉండబట్టలేక, "ఎవరమ్మా ఆమె, పొద్దున్నే లేస్తే ఆమె మాటే?" అని అడిగాడట. ఆ అమ్మాయి నవ్వి, అరబిక్‌లో రెండు మాటల్లో చెప్పింది. ఆ రెండు మాటలే ఆయన్ని పట్టుకున్నాయి.

ఓ శుక్రవారం ఇటుకంత లావు పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు. ఆ రచయిత్రి జీవితచరిత్ర. అట్ట మీద, చెవి మీద పెన్సిలుతో ఆ ముఖం.

"అల్లుడూ, పాప పరీచ్చలు అయిపొయ్యినాయి. ఈ పుస్తకం కార్లోనే పడేసింది. అడిగితే నువ్వే పెట్టుకో అనింది. ఇది సదివి నాకు చెప్పల్ల నువ్వు."

"ఏముంది మామా ఇందులో?"

"ఈయమ్మ వాళ్ళూర్లో టెలిఫోను ఆఫీసులో పంజేసినాది. ఊరోళ్ళ మాటలన్నీ చెవిలో పడ్తాయి గదా. ఆ ఊరి మిల్లు కాలిపొయ్యి మనుసులు చచ్చిపోతే, తలుపులు ఎవురు మూపిచ్చినారో ఆయమ్మకు తెలుసు. నిజం రాసినాది. ఊరు ఊరంతా మాటలు బంద్ జేసినారు. ఆడిదాకా పాప చెప్పింది. మళ్ళ మాట్లాడినారా లేదా, అది గావల్ల నాకు."

భాయ్ గరిటె తిప్పుతూనే, "ఆఖరి పేజీ జూసి జెప్పెయ్యన్నా, ఒక్క నిమిషంల ఖతం," అన్నాడు.

"సినిమాకు పొయ్యి ఆకరి రీలే సూస్తారా బాయ్? వరసగా రానీ. ఆయమ్మ ఎట్ల బతికిందో తెలీకుండా ఊరోళ్ళు మాట్లాడితే ఏంది, మాట్లాడకుంటే ఏంది?"

ఆ ప్రశ్న వెనక ఏముందో మా ఇద్దరికీ తెలుసు. మామ ఊళ్ళో జీపు తోలేవాడు. ఒకరోజు ఆయన కళ్ళెదుటే ఊరి పెద్దాయన కొడుకు నడిపే ట్రాక్టరు కింద పడి ఒక కూలామె చనిపోయింది. నడిపింది జీతగాడని ఊరంతా ఒక మాట అనుకున్నారు. జీతగాడు కూడా తలూపాడు. పోలీసులు మామని అడిగితే, చూసింది చెప్పాడు. జీతగాడు బయటపడ్డాడు, పెద్దాయన కొడుకు జైలుకి వెళ్ళాడు. మర్నాటి నుంచి మామ జీపు ఎవరూ ఎక్కలేదు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు, మాట్లాడటం మానేశారంతే. ఖాళీ జీపుని ఏడాదిపాటు తిప్పి, అమ్మేసి, ఇక్కడికొచ్చాడు. అప్పటి నుంచి సెలవుకి వెళ్తే భార్య పుట్టింటికే వెళ్ళి వచ్చేవాడు. సొంత ఊరు చూసి అప్పటికి పదకొండేళ్ళు.

చదవడం మొదలుపెట్టాను. మొదటి నెల నిజాయితీగానే చదివానని చెప్పుకోగలను. వారమంతా డ్యూటీ అయ్యాక డిక్షనరీ పక్కన పెట్టుకుని పది పదిహేను పేజీలు చదివేవాణ్ణి, శుక్రవారం అన్నం తింటూ చెప్పేవాణ్ణి. ఆవిడ తండ్రి ఆ మిల్లులోనే పనిచేసేవాడు. ఆవిడ పదహారో ఏట టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేరింది. కాల్ చీటీలు వెనక్కి తిప్పి రాసుకునేది. మొదటి నవల రాశాక ఒక్క ప్రచురణకర్తా తీసుకోలేదు. చివరికి ఎవరో వేశారు. తలుపులు మూయించింది మిల్లు యజమానేనని అందులో ఉంది. ఊరి పేరు మార్చి రాసినా, మిల్లు పక్క తలుపు దగ్గర నుంచి మిల్లు యజమాని కుక్క దాకా అన్నీ ఆ ఊరివే అని ఊరు గుర్తుపట్టింది. ఆ పుస్తకంతో ఆవిడ దేశమంతటికీ తెలిసింది, సొంత వీధిలో పరాయిదైంది.

మామ వినే తీరు ఎలా ఉండేదంటే, నేను ఒక వాక్యం చెప్తే ఆయన మూడు ప్రశ్నలు వేసేవాడు. "ఆ ప్లగ్గులు పీకి పెట్టేటప్పుడు వైర్లు సిక్కుపడవా?" "ఆయమ్మ ఇస్త్రీ బల్ల కాడ నిలబడి రాస్తాది అంటివే, కాళ్ళు లాగవా?" "మొగుడు పియానోలకు శ్రుతి జేసేటోడు అంటివి, ఆయప్ప వాయించే సప్పుడులో ఈమె ఎట్ల రాసినాది?" పెద్ద బహుమతి వచ్చిందన్నా ఆయనకి అంత పట్టలేదు. సినిమా తీశారంటే ఊ అన్నాడు. అన్నేళ్ళు టెలిఫోను దగ్గర పనిచేసిన మనిషి తర్వాత జీవితమంతా ఇంట్లో ఫోను పెట్టుకోలేదు అని చదివి చెప్పినప్పుడు మాత్రం అన్నం కలపడం ఆపేశాడు. "నాకూ అంతే అల్లుడా. ఊర్లో ఉన్నప్పుడు జీపు హారను కొట్టి పిలిస్తే అందరూ వచ్చేటోళ్ళు. ఇప్పుడు ఈ కారులో నేను హారన్ కొట్టను. పాప కూడా అడిగింది, నువ్వెందుకు కొట్టవని."

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మా బిల్డింగులో ఇంగ్లీషు చదవడం రాయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అందరి ఫారాలూ నేనే నింపేవాణ్ణి, అందరి కాగితాలూ నేనే చదివి చెప్పేవాణ్ణి. అలాంటి మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. ఎవరేది అడిగినా జవాబు చెప్పేస్తాడు. కింది అంతస్తు కుర్రాడొకడు కంపెనీ ఇచ్చిన కాగితం తెస్తే, సగం చదివి ప్రమోషన్ అని చెప్పాను. అతను అందరికీ జిలేబీ పంచాడు. తీరా చూస్తే అది వేరే క్యాంప్‌కి మార్చిన ఉత్తర్వు. ఆ జిలేబీ నేను కూడా రెండు తిన్నాను. దాన్నుంచైనా బుద్ధి తెచ్చుకోలేదు. మామ ప్రశ్నలకి పుస్తకంలో జవాబులు లేవు. వైర్లు చిక్కుపడతాయో లేదో ఆ పుస్తకం రాసినాయన కనుక్కోలేదు. నేను మాత్రం, "చిక్కుపడకుండా రంగు దారాలు కట్టుకునేది మామా," అని చెప్పేశాను. ఆయన మెచ్చుకోలుగా తలూపాడు. నాకు అది రుచించింది.

తర్వాత క్రికెట్ మ్యాచులు వచ్చాయి. ఆ తర్వాత ఎండాకాలం వచ్చింది, ఆఫీసు నుంచి వస్తూనే ఏసీ కింద పడి నిద్రపోయేవాణ్ణి. పుస్తకంలో అక్షరాలు చిన్నవి, వాక్యాలు పొడుగు. అధ్యాయం పేరు చూసి, మధ్యలో ఉన్న ఫోటోలు చూసి, మిగతాది అల్లడం మొదలుపెట్టాను. మొదట్లో రెండు పేజీలు చదివి మూడు పేజీలు అల్లేవాణ్ణి. తర్వాత ఆ రెండూ మానేశాను. నా టెలిఫోనామె ఆ పుస్తకంలో ఆవిడ కంటే బాగా మాట్లాడేది. పియానో మొగుణ్ణి తిట్టేటప్పుడు మా మేనత్త నోరు అరువిచ్చాను. భాయ్ పొట్ట పట్టుకుని నవ్వేవాడు. మామ నవ్వేవాడు కాదు, ముందుకి వంగి వినేవాడు. నెలకోసారి మాత్రం అడిగేవాడు. "ఊరోళ్ళు మాట్లాడినారా?" "ఇంకా రాలేదు మామా ఆ ఘట్టం," అనేవాణ్ణి.

ఎనిమిదో నెలలో నాకే విసుగొచ్చింది. ముగించాలి. ఎలా ముగిస్తే బాగుంటుందా అని బస్సులో ఆఫీసుకి వెళ్తూ ఆలోచించాను. నాకు తెలిసిన గొప్ప ముగింపు ఒక్కటే, సన్మానం. మా తెనాలి వైపు ఎవరికి ఏ మంచి జరిగినా అదే కదా. ఆ శుక్రవారం చెప్పాను. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ ఊరివాళ్ళే ఉత్తరం రాసి పిలిచారన్నాను. రైల్వేస్టేషన్ నుంచి పైకప్పు లేని కారులో ఊరేగింపు. రోడ్డుకి రెండు పక్కలా బడిపిల్లలు. మిల్లు యజమాని కొడుకు స్వయంగా మెట్లు దిగి వచ్చి, ఆవిడ మెడలో దండ వేసి, శాలువా కప్పి, "మా కళ్ళు తెరిపించావు తల్లీ" అన్నాడని చెప్పాను.

భాయ్ మూకుడు మీద మూత పెట్టి నా వైపు తిరిగాడు. "అన్నా, అమెరికల గూడ శాలువా కప్తరా?"

"చలిదేశం కదా భాయ్. అక్కడ కప్పకపోతే ఇంకెక్కడ కప్పుతారు?"

"దండ గూడ ఏస్తరు? అమెరికల బంతిపూలు దొర్కుతయా?"

"గమ్మునుండు బాయ్," అన్నాడు మామ. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. "ఎన్నేండ్లకు అంటివి అల్లుడా?"

"ఇరవై."

"నాకు పదకొండే," అని, ఆ రోజు రెండోసారి పెరుగు వేసుకోకుండానే చెయ్యి కడుక్కున్నాడు.

రెండు నెలల తర్వాత సెలవుకి వెళ్తూ చెప్పాడు, ఈసారి అత్తగారి ఊరు కాదు, సొంత ఊరు వెళ్తున్నానని. కారు వెనక ఖర్జూరం పెట్టెలు, దుప్పట్లు, అత్తరు సీసాలు. ఎవరింటికి ఏది ఇవ్వాలో పెట్టెల మీద పేర్లు రాయమన్నాడు. పెద్దాయన పేరు అన్నిటికంటే ముందు రాయించాడు. రాశాను. నా చేత్తోనే రాశాను. అప్పుడైనా, వద్దు మామా, ఆ సన్మానం నేను కల్పించింది అని ఒక్క మాట అని ఉండాల్సింది. పెన్నుకి క్యాప్ పెట్టి, "జాగ్రత్తగా వెళ్ళి రా మామా," అన్నాను.

తిరిగొచ్చాక రెండు శుక్రవారాలు రాలేదు. మూడో వారం వచ్చాడు. నేలమీద పరిచిన పేపరు ముందు కూర్చున్నాడు కానీ కంచం దగ్గరికి లాక్కోలేదు. భాయ్ అడిగాడు, "ఏమైంది మామా, ఊర్ల అందరు మంచిగున్నరా?"

"బాగుండారు. ఎవురూ తిట్టలా. తిట్టినా బాగుండేది. ఒక్కో ఇంటికి పొయ్యి ఖర్జూరం పెట్టె అరుగు మీద పెట్టొచ్చినా. తెల్లారి లేసి సూస్తే అన్ని పెట్టెలూ మా వాకిట్లో ఉండాయి. పేర్లతో సహా. ఒక్కటి గూడా ఇప్పలా." నా వైపు తిరిగాడు. "అల్లుడూ, ఆ పుస్తకం తీ. శాలువా కప్పిన కాడ పేజీ సూపియ్యి."

"ఎందుకు మామా ఇప్పుడు?"

"ఆయమ్మ ఊరికి ముందు ఉత్తరం రాసినాదా, మనిసిని పంపినాదా, ఏం జేసినాదో సూడల్ల. నేను యాడ తక్కువ జేసినానో తెలుస్తాది గదా."

నా జీవితంలో సిగ్గుపడవలసిన పనులు ఇంకా ఉన్నాయి. దీనంత చిన్నగా, దీనంత సులువుగా చేసింది మాత్రం ఇంకొకటి లేదు. పుస్తకం తీసి చివరి పేజీలు తిప్పాను. ఒకచోట ఆ ఊరి పేరు కనిపించింది. దాని మీద వేలు పెట్టాను. "ఇదిగో మామా, ఇక్కడ." ఆయన ఆ వరస వైపు చాలాసేపు చూసి, పేజీ మూల జాగ్రత్తగా మడిచి, పుస్తకం తీసుకుని వెళ్ళాడు.

తర్వాతి శుక్రవారం పుస్తకం తెచ్చి నా మంచం మీద పెట్టాడు. "పాప సదివింది," అన్నాడు. "ఫోటోలు ఇచ్చినందుకు ఆ ఊరి లైబ్రరీకి తాంక్స్ అంట. ఆ పేజీ అంతా తాంక్సేనంట."

భాయ్ చేతిలో గరిటె ఆగిపోయింది. నేనేమన్నానో కూడా రాస్తాను, దాచడం ఇంకో అబద్ధం అవుతుంది. "పేజీ తప్పు చూపించినట్టున్నాను మామా, వెతికి చెప్తాను," అన్నాను.

"అట్లనా," అన్నాడు. అన్నం తిన్నాడు, కంచం కడిగి బోర్లించాడు, కింద కారు స్టార్ట్ అయిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత శుక్రవారాల్లో ఆ ఇసకలో పికప్పులే ఉండేవి.

భాయ్ నన్ను నిలదీస్తాడనుకున్నాను. చాయ్ కప్పు చేతికిచ్చి, "అన్నా, మామ నీ కాడికి కహానీ కోసం రాలే. తన ఊరికి తొవ్వ అడగనీకి వచ్చిండు," అని మాత్రం అన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. రెండేళ్ళకి ఆయన నిజామాబాద్ వెళ్ళిపోయాడు. నేను మూడు గదులు మారాను. ప్రతిసారీ ఆ పుస్తకం పెట్టె అడుగున పెట్టేవాణ్ణి, పైన బట్టలు కప్పేవాణ్ణి. మామని అప్పుడప్పుడు లూలూ సూపర్‌మార్కెట్లోనో, ఎంబసీ దగ్గరో చూసేవాణ్ణి. "బాగుండావా అల్లుడా" అనేవాడు, మర్యాదగా. ఆ మర్యాదే నాకు మోయలేని బరువయ్యేది. చూసి చూడనట్టు వెళ్ళిపోయిన రోజులు కూడా ఉన్నాయి.

క్లినిక్ నుంచి వాచిన దవడతో వచ్చిన రోజే పెట్టె అడుగు నుంచి పుస్తకం తీశాను. మూడు వారాలు పట్టింది. ఈసారి అక్షరం వదల్లేదు. కళ్ళజోడు నంబరు పెరిగింది, ఓపిక కూడా ఎలాగో పెరిగింది. నేను అల్లిన చోటల్లా అసలు ఏముందో చూసుకుంటూ చదవడం ఒక విచిత్రమైన శిక్ష. నేను రెండు నిమిషాల్లో తేల్చేసిన ఏళ్ళలో ఆవిడ ఎంత కష్టపడిందో తెలిసింది. రెండో నవల ఎవరూ కొనలేదు. పియానో మొగుడు నేను తిట్టించినంత చెడ్డవాడు కాదు, ఆవిడ రాసిన ప్రతి పేజీ మొదట చదివింది అతనే. విడిపోయాక కూడా పోస్టులో పంపితే చదివి తిప్పి పంపేవాడు. చివరి అధ్యాయం ముగించి, నీళ్ళు తాగి, మళ్ళీ మొదటి నుంచి ఆ అధ్యాయమే చదివాను. తర్వాత మామకి ఫోన్ చేశాను. నంబరు మారలేదు.

ఇప్పుడు ఆయన వేరే ఇంట్లో పనిచేస్తున్నాడు, అల్ తుమామాలో. పిల్లల బడి ముందు మధ్యాహ్నం గంటసేపు ఆగి ఉంటానన్నాడు. ఒక మంగళవారం సగంపూట సెలవు పెట్టి వెళ్ళాను. వరసగా తెల్ల కార్లు, అన్నిటిలో ఏసీ వేసుకుని నిద్రపోతున్న డ్రైవర్లు. ఆయన మేలుకునే ఉన్నాడు. మీసం పూర్తిగా తెల్లబడింది. ముందు సీటు తలుపు తెరిచి, "రా అల్లుడా, ఎండ," అన్నాడు.

కూర్చుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, చెప్పవలసింది చెప్పేశాను. సన్మానం లేదని, శాలువా లేదని, ఊరేగింపు లేదని, పుస్తకం సగం నుంచి నేను చదవనే లేదని. నా మాట నమ్మే నువ్వు ఆ ఊరికి వెళ్ళావని.

ఆయన స్టీరింగు మీద దుమ్ము వేలితో తుడిచాడు. "ఆ పేజీ తాంక్స్ అని పాప చెప్పినప్పుడే తెలిసింది లే."

"మరి అసలు ఏమైందో ఆ అమ్మాయినే అడగలేకపోయావా మామా?"

"అడగబుద్ది గాలా. అడిగితే నువ్వు చెప్పిందంతా అబద్దమని తేలిపోతాది. అడక్కుంటే సగమన్నా నిజమేమోలే అనుకోవచ్చు గదా. మా ఊర్లో గాకున్నా, ఆ అమెరికాలోనన్నా." ఆ తర్వాత నవ్వాడు. "నువ్వు చెప్పకున్నా నేను ఊరికి పొయ్యేవాణ్ణే లే అల్లుడా."

అది ఆయన మంచితనం. నా తప్పు దానితో తగ్గదు, తగ్గించుకోను కూడా.

"సదువు ఇంక," అన్నాడు. "గంటుండాది."

చదివాను. ఇంగ్లీషు వాక్యం చదివి, తెలుగులో చెప్పి, నాకు సందేహం ఉన్నచోట సందేహమని చెప్తూ. ఆవిడ ఆ ఊరికి ఒక్కసారే వెళ్ళింది. ఎవరూ పిలవలేదు. బస్సు దిగి, పాత టెలిఫోన్ ఆఫీసు ముందు నిలబడింది, అప్పటికది చెప్పుల దుకాణం. ఎదురుగా హోటల్లో కాఫీ తాగింది. కాఫీ తెచ్చిన అమ్మాయి, మా ఊరికి మొదటిసారా అని అడిగితే, అవునంది. తర్వాతి బస్సుకి వెళ్ళిపోయింది. ఆ ఊరు ఆవిడతో ఎప్పుడూ మాట్లాడలేదు.

మామ ఈసారి ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. నాకు భయమేసి వెంటనే పేజీ తిప్పాను. ఇంకో పేజీన్నర ఉంది. చాలా ఏళ్ళకి మిల్లు యజమాని భార్య పోయాక, ఆ ఇల్లు ఖాళీ చేసినవాళ్ళు ఈవిడ చిరునామాకి ఒక పార్శిల్ పంపారు. అందులో ఈవిడ మొదటి నవల ఉంది. ఉత్తరం లేదు. చదివి చదివి అట్ట ఊడిపోయిన పుస్తకం. లోపల అంచుల నిండా ఆ పెద్దావిడ పెన్సిలు రాతలు. మిల్లు పక్క తలుపు నీలం కాదు, ఆకుపచ్చ. ఆ రోజు గాలి తూర్పు నుంచి కాదు, ఉత్తరం నుంచి. మా కుక్క పేరు ఇది కాదు. అలాంటివి, పుస్తకం పొడుగునా.

చదవడం ఆపాను. నాకు ఆ చోట టెలిఫోనామె మీద జాలి కలిగింది. చచ్చేదాకా ఆ మనిషి ఆవిడ రాతలో తప్పులే వెతికిందే అనుకున్నాను, రెండుసార్లు చదివినప్పుడూ.

మామ సీట్లో నా వైపు పూర్తిగా తిరిగాడు. "తలుపు ఎవురు మూపిచ్చినారో, ఆ కాడ ఏమన్నా రాసిందా?"

పుస్తకంలో మళ్ళీ చూశాను. ఒక్కొక్క వాక్యం మీద వేలు పెట్టి చూశాను. "లేదు మామా. ఆ చోట తలుపు రంగు ఒక్కటే దిద్దిందట. మిగతా అంచులు ఖాళీ అని రాశారు."

"ఇంకేం గావల్ల రా!" అని స్టీరింగు మీద అరచేత్తో కొట్టాడు. పక్క కారులో డ్రైవరు ఉలిక్కిపడి లేచాడు. "రంగు తప్పంటే తలుపు నిజమనే గదా. గాలి తప్పంటే మంట నిజమనే గదా. ఒప్పుకునింది ఆయమ్మ! మొగుడు జేసింది ఒప్పుకునింది! నోరిప్పి చెప్పలేక రంగు కాడ దిద్దింది." ఆయన ముఖంలో ఆ వెలుగు నేను సన్మానం కల్పించి చెప్పిన రోజు కూడా చూడలేదు. కాసేపటికి గొంతు తగ్గించి, "మా ఊర్లో గూడా ఎవురన్నా ట్రాక్టరు రంగు నేను తప్పు చెప్పినానని అనుకుంటా ఉండారేమో. అది ఎర్రదో నారింజదో నాకే ఇప్పుడు సరింగా గెవనం లేదు," అన్నాడు. వెంటనే ఇంకో ప్రశ్న. "ఆ టెలిఫోనామె ఆ నవల మళ్ళ అచ్చేసినప్పుడు తలుపుకు ఆకుపచ్చ రంగు ఏసిందా, నీలమే ఉంచేసిందా?"

"తెలియదు మామా," అన్నాను. "ఇందులో రాయలేదు. ఆ నవల సంపాదించి చూడాలి."

"సూడు. సూసి చెప్పు," అన్నాడు. ఇంతలో బడి గేటు తెరిచారు. యూనిఫాముల గుంపు బయటికొచ్చింది. ఆయన చొక్కా సర్దుకుని దిగి, వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. నేను పుస్తకం తీసుకుని దిగాను.

బస్సు కోసం ఎండలో నడుస్తుంటే లెక్క చూసుకున్నాను. ఈ పేజీన్నర నా పెట్టె అడుగున తొమ్మిదేళ్ళు ఉంది. చదవడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ ఎప్పుడంటే అప్పుడు నా చేతిలోనే ఉన్నా, అక్కడికి చేరడానికి మనిషికి ఒక్కోసారి తొమ్మిదేళ్ళ దూరం నడవవలసి వస్తుంది. ఆ దారిలో వేరొకరిని కూడా అన్నేళ్ళూ నిలబెట్టేశామన్నది మాత్రం చేరాకే తెలుస్తుంది.